సమస్యాపూరణం: «కొననివాని కపుడె కోటి దగిలె»

నిర్వాహకులు (విజయనగరం): ఈ వారం ఆటవెలది. ఇచ్చినది నాలుగో పాదం, పై మూడూ మీరు పూరించాలి. ఇందులో అన్నీ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా గురువు-లఘువు): కొనని, వాని, కపుడె, కోటి, దగిలె. యతి (మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల మైత్రి) కొ–కోలకు చెల్లింది. విషయం లాటరీ టిక్కెట్టు. కొననివాడికి కోటి ఎలా తగులుతుందన్నదే చిక్కు. «కలలో తగిలింది» అని తప్పించుకున్నవి తీసుకోం.

బొబ్బిలి నుంచి:

చీటి నమ్మువాఁడు నూటికి పదిపాళ్ళు
గెలుపు సొమ్ము నుండి గీసికొనును;
పడెను కోట్లు పదియు బంపరులోపల;
కొననివాని కపుడె కోటి దగిలె

నిర్వాహకులు: భేష్! కేరళ ప్రభుత్వ లాటరీ సమ్మర్ బంపర్‌లో మొదటి బహుమతి 10 కోట్లు. అందులో 10 శాతం టిక్కెట్టు అమ్మిన ఏజెంటుకే పోతుంది. అంటే కొనకుండా కోటి అందుకున్నవాడు దుకాణంలోనే కూర్చుని ఉన్నాడు. కొన్నవాడికి మిగిలిన 9 కోట్ల మీద 30 శాతం ఆదాయపు పన్ను, ఆపైన సర్‌చార్జి, సెస్సు. మొదటి పాదంలో చీటి–నూటి ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం), ఆటవెలదిలో చెల్లుతుంది. ఒక్కటే పేచీ: పద్యంలో చీటి అంటే టిక్కెట్టు గానీ, శ్రీకాకుళం వైపు చీటి అంటే నెలనెలా కట్టే చీటీపాటే గుర్తొస్తుంది.

ఆమదాలవలస నుంచి:

ఫోనులోన వచ్చె బోలెడు శుభవార్త
రుసుము పంపుమనుచు ముసుగు వేసి;
నవ్విరెల్లవారు నమ్మిన వానిని
«కొననివాని కపుడె కోటి దగిలె!»

నిర్వాహకులు: సమస్యను ఎత్తిపొడుపు మాటగా తిప్పడం బాగుంది. అసలు లాటరీలో పన్ను బహుమతిలోంచే కోస్తారు, ముందుగా రుసుము అడగరు. అడిగారంటే అది ముసుగే.

ఇచ్ఛాపురం నుంచి:

రోజుకొక్క చీటి యేఁబది రూకలు
మాని దాఁచుకొనిన మంచి దనుచు
పెట్టె నిండె నంట, పిసినారి నవ్వెను
కొననివాని కపుడె కోటి దగిలె

నిర్వాహకులు: మొదటి పాదంలో యతి తప్పింది బాబూ. నాలుగో గణం «యేఁబది», మొదటి అక్షరం «రో». రెంటికీ మైత్రి లేదు. ప్రాసయతి అందామంటే జ–బ కలవవు. మాటలు అటూ ఇటూ మార్చితే సరి: «రోజుకొక్క చీటి రూక లేఁబదియయ్యె». రో–రూ యతి, గణాలు మూడు సూర్య (హ, హ, హ), రెండు ఇంద్ర (ర, సల). రెండు, మూడు పాదాలకు వంక లేదు.

బొబ్బిలి నుంచి: యతి కుదిరింది గానీ లెక్క కుదరలేదండీ. రోజుకు 50 చొప్పున కోటి కావాలంటే 2 లక్షల రోజులు, అంటే 547 ఏళ్లు దాటాలి. «అపుడె» అన్న మాట ఏటవుతుంది?

ఇచ్ఛాపురం నుంచి: పిసినారి నవ్వింది అందుకే అనుకోండి.

పాలకొండ నుంచి: పద్యాలు సరే, ఇంతకీ టిక్కెట్టు ఎక్కడ కొనాలి? ఇచ్ఛాపురం దాటితే చాలంటారు కొందరు.

నిర్వాహకులు: దాటితే ఒడిశా. అక్కడా లాటరీ లేదు, మన దగ్గరా లేదు. ఇక్కడెవరైనా చేతికిస్తే అది అక్రమ అమ్మకమే, నకిలీ కూడా కావచ్చు. ఉత్తరంగా బెంగాల్‌లో ఖరగ్‌పూర్ దాకా పోతే 6 రూపాయల టిక్కెట్టు. దక్షిణంగా అయితే బొబ్బిలి, విజయనగరం మీదుగా పోయే ధన్‌బాద్–అలప్పుళ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. కోయంబత్తూరులో దిగి వెతికితే లాభం లేదు, తమిళనాడులో 2003 నుంచి నిషేధం. కేరళలోని పాలక్కాడ్‌లో దిగాలి. టిక్కెట్టు చేతికి రాగానే వెనక పేరు, చిరునామా రాసి సంతకం పెట్టాలి. లేకపోతే ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. బార్‌కోడ్ చిరగకూడదు, తడవకూడదు. బహుమతి తగిలితే 30 రోజుల్లోగా అసలు టిక్కెట్టే దాఖలు చేయాలి, ఫొటో చెల్లదు.

పాలకొండ నుంచి: 50 రూపాయల టిక్కెట్టు కోసం రానూపోనూ రైలు ఛార్జీ ఎంతవుతుందో చూశాను. కొననివాళ్ల జాబితాలో నన్నూ కలపండి, పద్యం రేపు పంపుతాను.