కిల్లర్‌లో వైట్ దాచేస్తే ఒక లైఫా, రెండా?

పటమట స్టిక్:
బెంజి సర్కిల్ చుట్టుపక్కల పూల్ పార్లర్లలో ఆరేడుగురు చేరితే మామూలు ఎయిట్ బాల్ పక్కన పెట్టి, లైఫులన్నీ పోయినవాళ్లు తప్పుకుంటూ చివరికి ఒక్కరే మిగిలే కిల్లర్ మొదలెడతారు. రూల్స్ గోడ మీద రాసి ఉండవు కాబట్టి ఆటకో గొడవ. అందరూ ఒప్పుకునేవి ఇవి: మనిషికి 3 లైఫులు. వరుస చీటీలతో తేలుతుంది, చివరిదాకా మారదు. 15 బాల్స్‌లో ఏదైనా, ఏ పాకెట్లోనైనా వేయొచ్చు, కానీ వంతుకి ఒక్కటే షాట్. పడకపోతే ఒక లైఫ్ పోతుంది. వైట్ (కర్రతో కొట్టే తెల్ల బాల్) పాకెట్లో పడ్డా ఒకటే పోతుంది, తర్వాతివాడు దాన్ని హెడ్ లైన్ (ఆట మొదలెట్టే వైపు గీత) వెనక పెట్టుకుని కొడతాడు. బ్రేక్‌లో (పేర్చిన బాల్స్‌ని చెదరగొట్టే మొదటి షాట్‌లో) ఏదీ పడకపోయినా శిక్ష లేదు. ఒక్క బాల్ మిగలగానే మళ్లీ 15 పేరుస్తారు.

పేచీ ఎక్కడంటే, వేసే దారి లేనప్పుడు కొందరు వైట్‌ని మెల్లగా తోసి బాల్స్ గుంపు వెనక దాచేస్తున్నారు. తన లైఫ్ ఎలాగూ పోయేదే కదా, వెనకవాడిది కూడా పోనీ అని! ఇది కొట్టే ఆట. దాచినవాడికి 2 లైఫులు తీయాలి.

బ్రాడీపేట బ్యాంక్‌షాట్:
ఒప్పుకోను అన్నా. లైఫ్ పోగొట్టుకుని ఆడిన ఎత్తు అది, ఊరికే రాలేదు. పైగా కావాలని దాచాడని ఎవరు తేలుస్తారు? సన్నని కట్ (బాల్ అంచుని తాకే షాట్) తప్పితే వైట్ దానంతటదే వెళ్లి బాల్స్ వెనక కూర్చుంటుంది. మనసులో ఏముందో మార్కర్ (ఆట చూసే పార్లర్ మనిషి) చెప్పలేడు.

కొత్తపేట కుషన్:
మనసు చూడక్కర్లేదు, కుషన్ (టేబుల్ చుట్టూ ఉండే రబ్బరు అంచు) చూస్తే చాలు. ఎయిట్ బాల్ రూలే తెచ్చుకుందాం: వైట్ ఏదో ఒక బాల్‌ని తాకాక, ఏ బాలూ పడకపోతే, వైట్ గానీ మరో బాల్ గానీ కుషన్‌కి తగలాలి. తగల్లేదంటే ఫౌల్. ముట్టీ ముట్టనట్టు తోసే షాట్లన్నీ ఇందులో దొరికిపోతాయి. నిజంగా కొట్టి తప్పినవాడి బాల్ ఎలాగూ కుషన్ దాకా పోతుంది.

లబ్బీపేట:
వానాకాలంలో ఏసీ సరిగ్గా లేని హాల్లో క్లాత్ తేమ పట్టి బాల్ సాగదు. మిడిల్ పాకెట్లోకి మెల్లగా వేయబోయిన బాల్ అంచు దగ్గరే ఆగిపోవచ్చు. నిజాయితీగా కొట్టినవాడికీ ఫౌల్ పడుతుంది.

కొత్తపేట కుషన్:
అలాంటి టేబుల్ మీద అంత మెల్లగా కొట్టడమే తప్పు. బాల్ పాకెట్ దాటి ఇంకో అడుగు పోయేంత బలం పెడితే రెండు చిక్కులూ ఉండవు.

స్పిన్ గుంటూరు:
ఇంకో గొడవ కూడా ఇక్కడే తేలాలి. వైట్ ఒక బాల్‌ని ఆనుకుని ఉంటే స్నూకర్ నుంచి వచ్చినవాళ్లు ‘ఆ బాల్ కదలకుండా పక్కకి కొట్టాలి’ అంటారు. అది స్నూకర్ రూల్. పూల్‌లో ఆనుకున్న బాల్ వైపే కొట్టొచ్చు, తప్పు లేదు. తప్పు జరిగేది ఆనుకోకుండా చాక్ ముక్క వెడల్పు కన్నా దగ్గరున్నప్పుడు. నేరుగా తోస్తే టిప్ (కర్ర కొన) వైట్‌ని రెండోసారి తాకుతుంది. ఎదుటి బాల్‌తో పాటు వైట్ కూడా అదే వేగంతో ముందుకు పోయిందంటే డబుల్ హిట్ అయినట్టే. కాస్త పక్కకి కోణంలో కొట్టాలి. ఆనుకుందా లేదా అన్నది షాట్‌కి ముందే మార్కర్‌తో చెప్పించుకోండి, తర్వాత వాదించి లాభం లేదు.

కృష్ణలంక:
అందరూ ఒకటి మరిచారు. ఒకే లైఫ్ ఉన్నవాడిని 2 లైఫుల శిక్ష ఏం చేస్తుంది? దారి లేకపోతే వాడు ఎలాగూ బయటికే. పోతూ పోతూ వైట్ దాచేసేది ఎక్కువగా వాడే! మూడు లైఫులున్నవాడిని భయపెట్టి, అసలు మనిషిని వదిలేస్తోంది మీ రూల్. లైఫ్ సంగతి వదిలేయండి. కుషన్ తగలకపోతే వెనకవాడికి బాల్ ఇన్ హ్యాండ్ (వైట్‌ని చేత్తో తీసి పెట్టుకునే వీలు) ఇవ్వండి. దాచడం వల్ల వచ్చే లాభమే పోతుంది.

పటమట స్టిక్:
ఇది నాకు తట్టలేదు, సరైన మాట. 2 లైఫుల పట్టు వదిలేస్తున్నాను. బ్లాక్ (8వ నంబర్ నల్ల బాల్) వేస్తే ఒక లైఫ్ తిరిగివ్వడం మాత్రం ఉండాలి, ఓడిపోతున్నవాడికి అదొక్కటే ఆశ.

బ్రాడీపేట బ్యాంక్‌షాట్:
ఆ ఆశ ఎవరికి దక్కుతోందో చూడన్నా. ఆరుగురికి 18 లైఫులు, ఒకరు మిగలాలంటే 15 నుంచి 17 దాకా పోవాలి. రెండు షాట్లకి ఒకటి పడుతుందనుకుంటే దాదాపు 30 నుంచి 34 షాట్ల ఆట. అందులో బ్లాక్ ఒకసారో రెండుసార్లో పడుతుంది, అదీ బాగా ఆడేవాడి చేతుల్లోనే. ఇవ్వాలంటే ఒకే లైఫ్ ఉన్నవాడికే ఇవ్వండి.

పటమట స్టిక్:
సరే, అలాగే. కానీ కుషన్ ఫౌల్‌కి బాల్ ఇన్ హ్యాండ్ టేబుల్ అంతటానా, హెడ్ లైన్ వెనకేనా? లైన్ వెనకే అంటాను నేను. నిండు టేబుల్ మీద ఎక్కడైనా పెట్టుకోమంటే కొత్తవాడు కూడా వేసేస్తాడు.

కృష్ణలంక:
లైన్ వెనకే అంటే, దాచేవాడు బాల్స్ అన్నీ అవతలి చివర ఉన్న సమయం చూసి దాస్తాడు. టేబుల్ అంతటా ఇవ్వాల్సిందే.