‘అనుమతి నిరాకరించబడింది’: ఇంతకీ నిరాకరించింది ఎవరు?

ప్రశ్న: షేర్డ్ ఫోల్డర్ల సహాయపత్రం తెలుగు చేస్తున్నాం. ‘పర్మిషన్ డినైడ్’కి ‘అనుమతి నిరాకరించబడింది’ అని పెట్టాం. ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’కి కూడా అదే పెడితే సరిపోదా?

— సరిపోదండీ. ముందు ఆ ‘బడింది’ తీసేయండి, తెలుగులో ఎవరూ అలా మాట్లాడరు. ‘అనుమతి లేదు’ చాలు. ఇక రెండూ ఒకటి కావు. లినక్స్‌లో మొదటిది 13వ నంబరు లోపం: చదవడం, రాయడం బిట్లు (ఫైలు మీద ఎవరికి ఏ హక్కుందో చెప్పే గుర్తులు) అడ్డుపడ్డాయన్నమాట. రెండోది 1వ నంబరు: పరాయివాళ్ల ఫైలు మీద సీహెచ్‌మాడ్ (ఆ హక్కులు మార్చే కమాండ్) కొడితే వచ్చేది. అక్కడ బిట్లు కాదు, హోదా చాలలేదు. దానికి ‘ఈ పని మీ అధికారంలో లేదు’ అనండి. 30వ నంబరు ఇంకోటి ఉంది, ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’. మౌంటే (డిస్కుని గానీ షేర్‌ని గానీ ఫోల్డర్‌గా తగిలించడం) చదవడానికి మాత్రమే ఇచ్చినప్పుడు 777 (అందరికీ అన్ని హక్కులూ) పెట్టినా ఒక్క అక్షరం రాయనివ్వదు. ఈ మూడింటికీ ఒకే మాట రాస్తే చదివినవాడు మూడుసార్లూ 777 కొడతాడు.

— మాస్టారు చెప్పింది నిజం. నా గొడవ ‘అమలు’ గురించి. ఎక్స్ బిట్‌ని అందరూ ‘అమలు’ అంటున్నారు. ప్రోగ్రాముకైతే సరే, ఫోల్డర్‌ని అమలు చేయడమేమిటి? అది గుమ్మం దాటే హక్కు. ఆర్ (చదివే బిట్) ఉండి ఎక్స్ లేకపోతే పేర్లు కనిపిస్తాయి, ఫైలు తెరుచుకోదు. ఎక్స్ ఉండి ఆర్ లేకపోతే జాబితా రాదు, పేరు తెలిస్తే ఫైలు తెరుచుకుంటుంది. ఫైలు 664 (అందరూ చదవొచ్చు) ఉన్నా, పైనున్న ఏదో ఒక ఫోల్డర్ 750 (గ్రూపు బయటివాళ్లకి ఏ హక్కూ లేదు) అయి, మీరు ఆ గ్రూపులో లేకపోతే అక్కడే ఆగిపోతారు. ‘నేమ్‌ఐ’ కమాండ్‌కి మైనస్ ఎల్ తగిలించి పూర్తి దారి ఇస్తే ఏ గుమ్మం దగ్గర ఆగిందో మెట్టుమెట్టుగా చూపిస్తుంది.

— ‘యజమాని’ అన్న మాట కూడా మోసం చేస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) వెర్షన్ 3ని మామూలు సెట్టింగులతో వాడితే, దానికి యూజర్ పేరుతో పనిలేదు, యూజర్ నంబరుతోనే పని. మీ లాప్‌టాప్‌లో మీరు 1000, సర్వర్‌లో అదే పేరు 1003 అయితే సర్వర్‌కి మీరు పరాయివారే. ఎల్‌ఎస్‌కి మైనస్ ఎల్‌ఎన్ పెట్టి రెండు వైపులా అంకెలు పోల్చండి. గ్రూపులు 16 దాటినా ఇదే తంటా: అభ్యర్థనతో పాటు 16 మాత్రమే వెళ్తాయి. సర్వర్‌లో మౌంట్‌డీకి (మౌంట్ అభ్యర్థనలు చూసే ఎన్‌ఎఫ్‌ఎస్ ప్రోగ్రాము) ‘మేనేజ్ జిడ్స్’ ఆన్ చేస్తే గ్రూపుల్ని సర్వరే చూసుకుంటుంది.

— మరి ఎన్‌ఎఫ్‌ఎస్‌లోని ‘రూట్ స్క్వాష్’కి తెలుగు? ‘అణచివేత’ అని ఎక్కడో చూశాను.

— అణచివేత అంటే లాఠీచార్జి గుర్తొస్తుంది అన్నా! ‘రూటు హోదా కోత’ అనొచ్చు. జరిగేది అదే: క్లయింట్‌లో 0 నంబరుతో ఉన్న రూటు (అన్ని అధికారాలున్న యూజర్), సర్వర్‌కి చేరేసరికి 65534, అంటే ‘నోబడీ’. అందుకే సుడో (రూటుగా నడిపే కమాండ్) పెట్టినా, ఇంకొకరి 600 ఫైలు (యజమాని ఒక్కరికే హక్కు) తెరిస్తే ‘అనుమతి లేదు’ అంటుంది. యాజమాన్యం మార్చాలంటే సర్వర్‌లోనే మార్చాలి. కోత తీసేయమని మాత్రం సహాయపత్రంలో రాయకండి.

— సాంబా (విండోస్ కంప్యూటర్లకి లినక్స్ ఫోల్డర్లు పంచే ప్రోగ్రాము) ఉంటే ‘రెండు తాళాలు’ అనండి, వెంటనే అర్థమవుతుంది. షేర్‌ది ఒకటి, లినక్స్ ఫోల్డర్‌ది ఒకటి, రెండూ తెరుచుకోవాలి. ఒకరు పెట్టిన ఫైలుని పక్కవాళ్లు మార్చలేకపోతే ‘క్రియేట్ మాస్క్’ (కొత్త ఫైళ్లకి ఏ హక్కులు మిగలాలో చెప్పే సెట్టింగు) చూడండి. ఏమీ రాయకపోతే అది 0744, గ్రూపుకి రాసే వీలు లేదు. 0664 పెట్టి, ‘ఫోర్స్ డైరెక్టరీ మోడ్’ 2775 చేయండి. ముందున్న 2 వల్ల, అలా పుట్టిన ఫోల్డర్లలోని కొత్త ఫైళ్లకి ఆ ఫోల్డర్ గ్రూపే వస్తుంది. పాత ఫైళ్లు వాటంతట అవి మారవు, వాటికి విడిగా సీహెచ్‌మాడ్ కొట్టాల్సిందే.