పండ్లగంపలో ‘అంతము’ ఎక్కడి నుంచి వచ్చింది? (ఆమోసు 8:1-2)

బైబిల్లోని ఆమోసు ప్రవక్త గ్రంథం తెలుగులో చదివినప్పుడల్లా ఎనిమిదో అధ్యాయం మొదట్లోనే ఆగిపోతాను. నీకేమి కనబడుతోందని దేవుడు అడుగుతాడు. ‘వేసవికాలపు పండ్లగంప’ అంటాడు ప్రవక్త. వెంటనే, ఇశ్రాయేలీయులకు ‘అంతము’ వచ్చిందని తీర్పు. పండ్లకూ అంతానికీ ఏమిటి పొత్తు?

హీబ్రూలో వేసవి పండ్లు ‘కయిత్స్’, అంతం ‘కేత్స్’. మూలంలో చెవికి తగిలే శ్లేష తెలుగులో ఆనవాలు లేకుండా పోయింది. పాత గ్రీకు అనువాదకుడి చేతిలో ఆ గంప ఏకంగా పిట్టలు పట్టేవాడి బుట్టగా మారిపోయింది, కాబట్టి మనవాళ్లను తప్పుపట్టను. అయినా మనకు ‘పాపం పండింది’ అనే నుడి ఉంది కదా! “ఏమి చూస్తున్నావు?” “పండిన పండ్లు.” “నా జనుల పాపం పండింది.” ఎలా ఉందంటారు?

జవాబు:
వినడానికి బాగుంది కానీ ఒప్పుకోలేనండీ. ఆ రెండో వచనంలో పాపం అన్న మాటే లేదు. ‘పాపం పండింది’ అనగానే శిశుపాలుడి నూరు తప్పుల లెక్క మన మనసులోకి వచ్చేస్తుంది. ఆమోసు ముందు తీర్పు చెప్పి, కారణాలు తరువాత విప్పుతాడు: కొలపాత్ర చిన్నది చేయడం, తూకపురాయి బరువు పెంచడం, గోధుమల్లో తాలు అమ్మడం, చెప్పుల జోడు కోసం బీదవాణ్ణి కొనడం. ఆ వరుసను మీ నుడి ముందే చెప్పేస్తుంది. ‘రోజులు నిండాయి’ అంటే? గంప నిండింది, రోజులు నిండాయి.

జవాబు:
ఇద్దరూ దీన్ని శ్లేష అనే అంటున్నారు. నాకు అంతకన్నా దగ్గరి సంబంధమే కనిపిస్తుంది. ఆమోసు దక్షిణాన యూదాలోని తెకోవ వాడు. మాట్లాడింది ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యంలో, బేతేలు గుడి దగ్గర. రెండో యరొబాము ఏలుబడిలో, క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దం మధ్యకాలంలో. ఉత్తరాది పలుకుబడిలో ‘అయి’ కుదించుకుపోయి ‘ఏ’ అయ్యేది. ఆ రాజ్యపు రాజధాని షోమ్రోను (సమరయ) తవ్వకాల్లో 1910లో దొరికిన కుండపెంకుల రాతల్లో ద్రాక్షారసాన్ని ‘య-న’ అని రెండు హల్లులతోనే రాశారు (ఆ లిపిలో హల్లులే రాసేవారు). యూదా రాతల్లో అదే మాటకు ‘య-య-న’ కనిపిస్తుంది. అంటే యూదావాడి ‘కయిత్స్’ బేతేలు వాళ్ల నోట ‘కేత్స్’ అయిపోయి ఉండాలి. అప్పుడు వాళ్లకు ఇవి పోలిన మాటలు కావు, ఒక్కటే మాట! మన ‘వైద్యుడు’ ప్రాకృతం మీదుగా ‘వెజ్జు’ అయినట్టే అనుకోండి.

1908లో గెజెరు అనే పాత పట్టణపు తవ్వకాల్లో దొరికిన చిన్న సున్నపురాతి పలక ఇంకా పాతది, క్రీ.పూ. పదో శతాబ్దానిది. నెలలవారీగా సేద్యపు పనులు చెక్కారు. చివరి పంక్తి: పండ్ల నెల. అక్కడా మధ్యలో ‘య’ లేదు, ‘కేత్స్’ అక్షరాలే. ఏడాది చివరి పంట కాబట్టి పండ్ల బుట్ట కంటపడితేనే ‘అయిపోయింది’ అన్న ఊహ వాళ్లకు సహజంగా వచ్చేది. అసలే రాజ్యం మంచి ఊపులో ఉంది, దంతపు మంచాల మీద పడుకునేవారని ఆమోసే దెప్పాడు, షోమ్రోను మట్టిలో దంతపు చెక్కడాలూ బయటపడ్డాయి. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఆ పట్టణం అష్షూరు (అస్సీరియా) సామ్రాజ్యం చేతికి చిక్కింది. గంప నిండుగా ఉండగానే చెప్పాడన్నమాట!

మొదట రాసినవారు:
మాస్టారూ, ఆ ‘వెజ్జు’తో నా ‘పాపం’ ఎగిరిపోయింది. ‘రోజులు నిండాయి’కే నా ఓటు. కానీ పండడాన్ని పూర్తిగా వదలబుద్ధి కావడం లేదు, ఎందుకంటే ఆమోసు వృత్తే అది. 7:14లో తనను మేడిపండ్లు ఏరుకునేవాడినని చెప్పుకున్నట్టు మన అనువాదం. అక్కడి క్రియ ‘బోలేస్’ హీబ్రూ గ్రంథమంతటిలో ఆ ఒక్క చోటే వస్తుంది. గ్రీకు అనువాదకుడు దానికి కాయలకు గాటు పెట్టేవాడని అర్థం చెప్పాడు. ఈజిప్టులో ఆ జాతి మేడికాయలకు త్వరగా పండాలని గాటు పెట్టేవారు. ‘ఏరుకొను’ అంటే రాలినవి పోగుచేసుకునే మనిషి కనిపిస్తాడు. ‘గాటు పెట్టు’ అంటే చెట్టెక్కి కత్తి పట్టినవాడు. మన తోటల్లో ఇలా కాయకు గాటు పెట్టి పండించే పనికి ప్రత్యేకమైన మాట ఎవరి ఊళ్లోనైనా ఉందా?