సంక్రాంతి సంబరాలు + మైపాడు దగ్గర వాటర్ ప్లాంటుకు సోలార్: శనివారంలోపు తేల్చాలి

కోశాధికారి: హాలుకు మిగతా అడ్వాన్సు శనివారం కట్టాలి. టికెట్లు ఎవరు చూస్తారు, ముగ్గుల రంగులు ఎవరు తెస్తారు, అరిసెలు ఎన్ని కిలోలు, పిల్లల నాటిక ఎంతసేపు, ఇక్కడే చెప్పేయండి. ఇంకోటి, టికెట్ల మీద మిగిలేది ఇక్కడ అమెరికాలో మన సంఘం ఖాతా నుంచి, ఊళ్ళో వాటర్ ప్లాంటు చూసుకునే ఆడవాళ్ళ పొదుపు సంఘానికి, సోలార్ ప్యానెళ్ళ కోసం వైర్ చేయాలి. బ్యాంకు వివరాలు వచ్చాయా?

వంటలు: అరిసెలు పది కిలోలు. తడి పిండి ఇక్కడ దొరకదు, బియ్యం నానబోసి పట్టేదానికి ఇద్దరు కావాలి.

నెల్లూరు నుంచి: వివరాలు ఉండాయి గానీ వైర్ చెయ్యబాకండన్నా. అమెరికాలో రిజిస్టరైన సంఘం ఇచ్చేది విదేశీ విరాళం కిందికొస్తుంది. తీసుకునేవాళ్ళకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాల. పైగా ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాల. వీళ్ళకు రెండూ లేవు. ఇక్కడి మామూలు ఖాతాలో పడితే ఇరుక్కునేది ఆ ఆడోళ్ళు.

వేదిక: టికెట్ డబ్బులు సోలార్‌కే అని ఫ్లయర్ కొట్టించాక ఇప్పుడా చెప్పేది? ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ట్రస్టు ఏదైనా చూసి, దాని ద్వారా ఇప్పిద్దాం.

నెల్లూరు నుంచి: 2020 సవరణ నుంచి విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చెయ్యకూడదు. ఆ ట్రస్టే తన కార్యక్రమంగా పెట్టుకుని, సామాను కొని బిగించాల. పండగలోపు అట్టాంటోళ్ళని యాడ పట్టుకుంటాం?

నాటిక: మా తమ్ముడికి పంపుతా, వాడిస్తాడు. బంధువులకు పంపేదానికి అడ్డేముంది?

కోశాధికారి: మీ తమ్ముడి ఖర్చులకైతే పంపుకోండి. టికెట్ల డబ్బు ఆయన పేరున దాటించడం మాత్రం దొడ్డిదారి. దానికి నేను సంతకం పెట్టను.

నాటిక: అంటే అమెరికా పాస్‌పోర్టోళ్ళ డబ్బు పనికిరాదా? ఊరు మాది కాదా?

వేదిక: ఆ మాట ఎవరన్నారక్కా?

నెల్లూరు నుంచి: అక్కా, ఓసీఐ కార్డున్నా (అదే, వేరే దేశం పౌరులైన మనోళ్ళకు ఇండియా ఇచ్చేది) చట్టం లెక్కలో విదేశీయులే, మనసు లెక్కలో కాదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నోళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఎవరికి వాళ్ళు తమ ఎన్‌ఆర్‌ఈ ఖాతా (ఇండియా బ్యాంకులో ప్రవాసుల ఖాతా) నుంచి వెయ్యండి, పాస్‌పోర్టు కాపీ పంపండి. అందరిదీ పోగేసి ఒక్కరు వెయ్యబాకండి.

నాటిక: సరే. గట్టిగా అన్నాను, వదిలెయ్యండి. హాలు, భోజనాలు మా పాస్‌పోర్టోళ్ళం భరిస్తాం. టికెట్టే తీసేయండి.

కోశాధికారి: అది బాగుంది. కానీ "ఊరికి ఇచ్చినవాళ్ళకు ఉచితం" అని రాయొద్దు, అందరికీ ఉచితమే అనండి. ఇండియా పాస్‌పోర్టు కుటుంబాల లెక్క నేను తీశాను, లక్షా ముప్పై వేలు దాటదు. కొటేషన్ లక్షా తొంభై వేలు. కేంద్రం ఇచ్చే సూర్యఘర్ సోలార్ సబ్సిడీ 78,000 వస్తుంది కదా?

సోలార్: అది ఇళ్ళకే అన్నా. వాటర్ ప్లాంటు సర్వీసు ఇంటి కేటగిరీ కాదు. ప్యానెళ్ళు తగ్గిద్దాం, మిగతావి ముట్టుకోవద్దు. కొటేషన్‌లో 540 వాట్లవి ఆరు, రోజుకు 12, 13 యూనిట్లు. బోరు మోటారు 1 హెచ్‌పీ, ఆర్వో ప్రెషర్ పంపు 2 హెచ్‌పీ, రెండూ కలిసి గంటకు రెండున్నర నుంచి మూడు యూనిట్లు తాగుతాయి. నాలుగు ప్యానెళ్ళయితే మూడింట రెండొంతులు వస్తుంది, మిగతాది లైను నుంచి. స్ట్రక్చర్ మాత్రం ఆరింటికీ ఇప్పుడే కట్టించు, ఇన్వర్టర్ 3 కిలోవాట్లదే తీసుకో. నాలుగు సీరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపితే 160 వోల్టులు దాటుతాయి, ఆ ఇన్వర్టర్ ఎన్ని వోల్టులకు లేస్తుందో డేటాషీట్ చూసి కొను. తర్వాత కలిపే రెండూ అదే వాటేజీ ఉండాలి, లేకపోతే తక్కువ కరెంటు ప్యానెల్ మొత్తం వరసను కిందికి లాగేస్తుంది.

నెల్లూరు నుంచి: స్ట్రక్చర్‌లో జీఐ (జింకు పూత ఇనుము) బోల్టులు వేస్తే కొంత మిగులుద్ది అంటుండారు.

సోలార్: సముద్రం పక్కన ఆ బేరం వద్దు. స్ట్రక్చర్‌కు హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచే పూత), బోల్టులు ఎస్‌ఎస్ 316 (ఉప్పు గాలికి తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలు), అల్యూమినియం ఫ్రేముకు స్టీలు తగిలేచోట రబ్బరు వాషర్. వంపు 10 నుంచి 15 డిగ్రీలు, దక్షిణానికి. అంతకన్నా లేపితే తుఫాను గాలి కిందికి దూరుతుంది. డీసీ కనెక్టర్లు ఆడదీ మగదీ ఒకే కంపెనీవి, కలగలిపితే వదులై మాడిపోతాయి. ఎర్తింగ్ గుంతలు మూడు: డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి విడివిడిగా. ఇంకోమాట, ఆర్వో వదిలే నీళ్ళు ఊరకే పోతున్నాయని వాటితో ప్యానెళ్ళు కడుగుతారు. ఆ ఉప్పు అద్దం మీద తెల్లగా పొర కడుతుంది. మంచి నీళ్ళే, అదీ పొద్దున్నే, అద్దం వేడెక్కకముందు.

వేదిక: కరెంటు పోయినప్పుడు సోలార్‌తో నడుస్తుందిగా? ఫ్లయర్‌లో వేద్దాం.

సోలార్: వెయ్యొద్దు! బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపి నడిచే ఆన్‌గ్రిడ్ అది. లైన్లో పనిచేసేవాళ్ళకు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. బిల్లు తగ్గించేదానికే ఇది. పొదుపు సంఘానికి ముందే చెప్పండి, ఇంత ఎండలో మోటారు ఎందుకాగిందని రేపు మిమ్మల్నే అడుగుతారు.

కోశాధికారి: పాత ఫ్లయర్ ఎక్కడున్నా తీసేయండి. పంపేవాళ్ళు రసీదు, పాస్‌పోర్టు కాపీ ఇక్కడ నెల్లూరు నుంచి రాస్తున్న తమ్ముడికే పంపండి, మన సంఘం పేరు ఎక్కడా రాయబాకండి.

నెల్లూరు నుంచి: ఎస్‌ఎస్ 316కే చెప్పినా. మీటరు పంచాయతీ పేరున ఉండాది, నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటు లైనుకిచ్చి బిల్లులో తగ్గించుకునేది) దరఖాస్తు మీద సంతకం పండగ సెలవులకు ముందే పెట్టించాల. శాంక్షన్ లోడు (కరెంటోళ్ళు మంజూరు చేసిన లోడు) 3 కిలోవాట్లుందో లేదో రేపు బిల్లు ఫోటో పెడతా.