బీములో ప్రింట్ చేసిన ప్లాస్టిక్ జాలీ: దెబ్బకు ఆగుతుందా?

ల్యాబ్‌కుర్రాడు: రెండు చిన్న సిమెంట్ బీములు పోశాం. ఒకటి వట్టిది, రెండోదాంట్లో ఏబీఎస్ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింటర్ మీద చేసిన జాలీ. 10 కిలోల బరువును మీటరు ఎత్తు నుంచి వదిలాం, అంటే సుమారు 98 జౌల్స్ దెబ్బ. వట్టిది రెండు ముక్కలై చెరోవైపు పడింది. జాలీ ఉన్నది పగిలింది కానీ విడిపోలేదు. పగులులోకి తొంగిచూస్తే ప్లాస్టిక్ కాడలు సాగి తెల్లబడి ఉన్నాయి.

సైట్‌పాతకాపు: 20 ఎంఎం కంకర ఆ జాలీ కన్నుల్లోంచి దిగుతుందా?

ల్యాబ్‌కుర్రాడు: కంకర వెయ్యలేదు సార్, ఇసుక, సిమెంటే.

సైట్‌పాతకాపు: కంకర లేనిది బీము కాదు బాబూ, పూలకుండీ.

గోదారోడు: సిద్దిపేట దగ్గర బూరుగుపల్లిలో గుడే ప్రింట్ చేశారు కదా, మళ్లీ ఈ అనుమానాలేంటి?

ల్యాబ్‌కుర్రాడు: అక్కడ ప్రింట్ చేసింది కాంక్రీటునే అండీ. ఇక్కడ లోపలి జాలీని.

ఎండాకాలం: మా రామగుండం ఎండకి కరగదా?

ల్యాబ్‌కుర్రాడు: 60 డిగ్రీల దగ్గర మెత్తబడేది పీఎల్ఏ అనే ఇంకో ప్రింటర్ ప్లాస్టిక్. ఏబీఎస్ 100 దాటాకే. నిప్పంటుకుంటే మాత్రం రెండూ పనికిరావు, ఒప్పుకుంటా.

సైట్‌పాతకాపు: ఉక్కు బిగువు 200 గిగాపాస్కల్స్, నీ ప్లాస్టిక్‌ది 2. కాంక్రీటు పగిలేదాకా అది బరువే మొయ్యదు.

ల్యాబ్‌కుర్రాడు: రోజువారీ బరువుకు నిజమే. నేనడిగేది దెబ్బ గురించి. పగిలాక ఎంత శక్తిని మింగుతుందన్నదే లెక్క. అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీ వాళ్లు 2020లోనే ఇలాంటి జాలీలతో కాంక్రీటు టప్పున విరక్కుండా సాగేలా చేశారు. ఇంటి బీముల్లో ఊచలు తీసెయ్యమనట్లేదు. రోడ్డు పక్క అడ్డుగోడల్లాంటి వాటికి అంటున్నా.

సైట్‌పాతకాపు: పేపర్లు నాకు చూపించకు! లారీ రివర్సులో వచ్చి నా సైట్లో పోర్టికో బీముకు గుద్దింది. పెచ్చు ఊడితే లోపల ఊచల చుట్టూ కట్టే ఇనప రింగులు, రింగుకీ రింగుకీ అడుగు దూరం. డ్రాయింగులో 6 అంగుళాలు. హుక్కులు కూడా వంచలేదు, బైండింగ్ వైరుతో చుట్టి వదిలేశారు. బిల్లు మీద సంతకం నాది. ఏడాది తిరిగాను ఆ ఫైలు చుట్టూ.

గోదారోడు: పాపం.

ల్యాబ్‌కుర్రాడు: బాధగానే ఉంది సార్, కానీ దానికీ జాలీకీ ఏంటి సంబంధం?

సైట్‌పాతకాపు: రింగులైతే పోసేముందు టేపు పెట్టి కొలవొచ్చు. ఆ రోజు నేను కొలవలేదు, తప్పు నాది. నీ ప్రింటర్ జాలీని పొర మీద పొర పోస్తుంది, పొరకీ పొరకీ అతుకు పడలేదనుకో, బయటికి బాగానే కనిపిస్తుంది. ఎవరు కనిపెడతారు? ఎవరు సంతకం పెడతారు?

ల్యాబ్‌కుర్రాడు: ప్రతి బ్యాచ్‌లో రెండు మూడు జాలీలు విరిచి చూడాలి. సైట్లో తేల్చే పద్ధతి నా దగ్గర లేదు, నిజమే. మరి ఆ మాట ముందే అడగొచ్చుగా సార్? రెండ్రోజులుగా కంకర, కంకర అంటున్నారు.

సైట్‌పాతకాపు: కంకర కూడా దిగదు.