సెక్షన్ ఆఫీసరు కుర్చీ ఎవరిది: పరీక్ష పాసైనోళ్లదా, అడవిలో పదేళ్లు తిరిగినోళ్లదా?

తలకోన_దారి

అందరికీ నమస్కారం. శేషాచలంలో ఎనిమిదేళ్లుగా సెక్షన్ ఆఫీసరుగా చేస్తా ఉండా. అడవి శాఖ సంగతి తెలియనోళ్లు ఫీల్డు సూపర్‌వైజరు అనుకోండి. నా కింద బీట్ ఆఫీసర్లు, బేస్ క్యాంపుల్లో, అంటే అడవి లోపలి కాపలా మకాముల్లో ఉండే వాచర్లు. నా పైన డిప్యూటీ రేంజరు, ఆయన పైన రేంజరు. మాది శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు, 1989లో ప్రకటించినారు. అభయారణ్యంలో అయితే మేకలు మేపుకునేదానికి ఏదో ఒక వెసులుబాటు ఉంటాది, నేషనల్ పార్కులో చట్టం ప్రకారం అదీ లేదు. ఆ మాట మేకలాయనకు ఎండలో నిలబడి చెప్పాల్సింది, తిట్లు తినాల్సింది నేనే.

అసలు విషయానికి వస్తా. మొన్న మాఘ మాసంలో ఒక మధ్యాన్నం ఫోనుకు మెసేజీ వచ్చింది, శాటిలైటు మంట చూసిందని. మ్యాపులో మూడు కిలోమీటర్లు. నాతో పాటు పక్క సెక్షనుకు కొత్తగా వచ్చిన పిల్లోడు ఉండాడు, మంచి ర్యాంకు తెచ్చుకున్నోడు. "నేరుగా పోదాం సార్, గంటలో అందుకుంటాం" అన్నాడు. నేనూ సరే అన్నా. మా క్యాంపులో ఒక వాచరు ఉండాడు, యానాది ఆయన, యాభై దాటింటాయి. చేతిలో బీడీ ఆర్పేసి గాలి వాసన చూసి, "వద్దు సామీ. ఆ పక్క కోన అడ్డమొస్తాది, దిగేదానికి దారి లే. పొద్దు వాలే కొద్దీ గాలి కింద నుంచి ఎగదన్నుతాది, బోదలో ఇరుక్కుంటాం" అన్నాడు.

బోద అంటే తెలియనోళ్లకు: మనిషెత్తు ఎదిగే గడ్డి, ఎండితే అగ్గిపుల్ల చాలు.

ఆయన మమ్మల్ని గుట్ట వెనక నుంచి చుట్టు తిప్పి తీసుకుపోయినాడు. రెండు గంటలు జాస్తి పట్టింది. పచ్చి కొమ్మలు విరిచి, మంట రాబోయే తావ ముందే ఆకు ఊడ్చి, వచ్చే మంటకు కాలేదానికి ఏమీ మిగలకుండా ఎదురు మంట పెట్టించినాడు. రాత్రి తొమ్మిదికి చల్లారింది. తిరిగొచ్చేటప్పుడు మేము మొదట పోదామనుకున్న కోన చూపించినాడు. ఆ గడ్డంతా బూడిదైపోయి ఉండాది.

పద్నాలుగేళ్లుగా ఆయన వాచరే. కాంట్రాక్టు జీతం, అది ఏ నెల ఏ తేదీకి పడుతుందో దేవుడికే ఎరుక. ఆయనకు దారి చెప్పాల్సిన ఆఫీసరును నేను! నేనడిగేది ఒకటే. సెక్షన్ ఆఫీసరు పోస్టుల్లో సగం, పదేళ్లు దాటిన వాచర్లకు డిగ్రీ అడక్కుండా ఇస్తే తప్పేంది?

మామండూరు_మామ

నాయనా, నేను రిటైరైనోడిని, ఓపిగ్గా చదువు. మంట ఆర్పడం నీ ఉద్యోగంలో ఒక పక్కే. ఇంకో పక్క కోర్టు.

మా కాలంలో ఒక రాత్రి ఎర్రచందనం దుంగలు 14 పట్టుకున్నాం. పట్టుకున్నప్పుడు సాక్షుల ముందర రాసిన కాయితం, అదే మహజరులో 14. లారీకి ఎక్కించేటప్పుడు రాసిన లిస్టులో 13. ఏమైంది? ఒకటి రెండుగా చీలిన ముక్క, ఒకాయన దాన్ని దుంగ అనుకున్నాడు, ఇంకొకాయన కట్టె అనుకున్నాడు. చుట్టుకొలత, పొడుగు, సుత్తి గుర్తు, అన్నీ ఉన్నాయి. వాళ్ల వకీలు లేచి "ఆ ఒక్కటి ఏమైంది, మీరే అమ్ముకున్నారా?" అన్నాడు. కేసు పోయింది. నాలుగు నెలలు అడవిలో పడుకుని కాపు కాసిన మా వాళ్ల కష్టం ఒక అంకె కింద పోయింది. ఇప్పుడు చెప్పు, ఏడో తరగతి దాటని మనిషి చేత ఆ కాయితం రాయిస్తావా?

ఇంకో మాట, చెప్పేదానికే నోరు రాదు. వాచరు ఆ పల్లెలోనే పుట్టినోడు. మేనమామ కొడుకు గొడ్డలితో దొరికితే ఏం చేస్తాడు? వదిలేస్తాడని నేను అనడం లే. పట్టిస్తాడు. పట్టించినాక ఆ పల్లెలోనే కాపురం ఉండాల. నాకు, నీకు ట్రాన్స్‌ఫర్ ఉంది, ఆయనకు యాడుంది? 2013 డిసెంబరులో ఇదే శేషాచలంలో స్మగ్లర్లు ఇద్దరు అధికార్లను కొట్టి చంపినారు, మర్చిపోయినావా? కేసు కాయితం మీద సంతకం పెట్టినోడే వాళ్ల కంట్లో పడేది. ఆ సంతకం ఆయన చేత పెట్టిస్తే ఆయనకు మేలు చేసినట్టా?

తలకోన_దారి

మామా, రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటా. మొదటిదానికి ఉంది. మొదటి ఏడాది నాకూ మహజరు రాయడం రాలే, మీలాంటి ఒక పెద్దాయన పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించినాడు. ఆరు నెలలు పట్టింది. కోనలో దారి నేర్చుకునేదానికి ఎనిమిదేళ్లు చాలలే నాకు.

పలమనేరు_రైతు

మీ గొడవ మీది. మా తావ ఏనుగులు. మా నాయన చిన్నప్పుడు ఈ పక్క ఏనుగు అన్నదే లేదు, 80ల్లో తమిళనాడు పక్క నుంచి దిగినాయి, అప్పటి నుంచి పోలే. టమోటా, అరటి, వేసింది వేసినట్టు తొక్కుతాయి. కర్ణాటక నుంచి 2025లో కుంకీలు, అంటే అడవి ఏనుగులను తరిమేదానికి మచ్చిక చేసిన ఏనుగులు వచ్చినాయి, మంచిదే. కానీ రాత్రి 2 గంటలకు మంద తోటలోకి దిగితే కుంకీకి ఫోను చేయలేను కదా. ఫోను ఎత్తేవాడు కావాల. పరీక్ష రాసినోడో, పేడ చూసి ఎంతసేపైందో చెప్పేవాడో, నాకు అనవసరం.

శేషాచలం_సుబ్బు

చిన్న సవరణ. మీది కౌండిన్య, అది నేషనల్ పార్కు కాదన్నా, అభయారణ్యం. చర్చ నేషనల్ పార్కు గురించి.

పలమనేరు_రైతు

ఆ మాట ఏనుక్కి చెప్పు నాయనా.

చిత్తూరు_అమ్మాయి

తలకోన అన్నా, మీరు రాసింది చదివి మొదట నాకూ కళ్లు చెమ్మగిల్లినాయి. తర్వాత కోపమొచ్చింది.

రెండేళ్లుగా ఈ ఉద్యోగానికే చదువుతా ఉండా. తెల్లారి నాలుగున్నరకు మా నాయన టార్చి పట్టుకుని వెనక బండి మీద వస్తాడు, నేను బైపాస్ మీద నడుస్తా. మగోళ్లకు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, మాకు 16. మడమలు పగిలి, సాక్సులో రక్తం అంటుకుని ఇంటికొస్తా. "గుట్టల్లో తిరిగే ఉద్యోగం ఆడపిల్లకెందుకు, పెళ్లి చెయ్యండి" అని మా అత్త రోజూ అంటాది.

ఒక్కటి చెప్పండి. మీ క్యాంపుల్లో ఆడ వాచరు ఒక్కరైనా ఉన్నారా? వాచర్లలో మగోళ్లే ఉంటే, సగం పోస్టులు వాచర్లకు అన్నప్పుడు మీరు అనకుండానే ఆ సగం మగోళ్లకు రాసిచ్చినట్టే కదా? అనుభవం కావాలంటారు, బాగుంది. మాకు అనుభవం వచ్చే తలుపు యాడుందో చూపించండి. ఉన్న ఒక్క తలుపు ఆ పరీక్షే.

అలిపిరి_అంగడి

మెట్ల దారిలో నాకు చిన్న అంగడి. 2023 ఆగస్టులో చిరుత ఒక పాపను చంపినాక ఎంతమంది ఆఫీసర్లు వచ్చిపోయినారో. బోన్లు పెట్టినారు, నడిచేవాళ్లకు చేతికర్రలిచ్చినారు. మా అంగళ్ల వెనక పారేసే తిండికి కుక్కలు, పందులు వస్తాయని, వాటి కోసం చిరుత వస్తాదని కూర్చుని మాకు అర్థమయ్యేట్టు చెప్పినాయన ఒకడే. ఆయన పరీక్షోడో, వాచరు నుంచి ఎదిగినోడో నేనడగలే. టీ తాగి, గ్లాసు ఆయనే కడిగి పెట్టి పోయినాడు.

తలకోన_దారి

చిత్తూరు పాపా, లేరు. మా రెండు క్యాంపుల్లో ఒక్క ఆడ వాచరూ లేదు. పడుకునేదానికి వేరే గది లేదు, మరుగుదొడ్డి లేదు. రాసేటప్పుడు ఆ సంగతి నాకు తట్టనేలే, అదే తప్పు. సగం అన్న మాట వెనక్కి తీసుకుంటా ఉండా.

దాని బదులు ఇది చూడండి. పరీక్ష పాసై వచ్చినోళ్లు, ఆడైనా మగైనా, మొదటి ఆరు నెలలు బేస్ క్యాంపులో వాచరు వెంట తిరగాల. ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డి తీసేసిన బాటలు కొట్టే కాలం, వానాకాలం, రెండూ చూడాల. ఆఖర్న "ఈ మనిషికి దారి తెలుసు" అని ఆ వాచరు సంతకం పెడితేనే ప్రొబేషను ముగిసినట్టు. ఆ ఆరు నెలలకు ఆయనకు వేరేగా డబ్బులియ్యాల. ఆడోళ్లు రావాలంటే ముందు క్యాంపులో గది కట్టక తప్పదు, అదీ ఒక లాభమే.

మామండూరు_మామ

వాచరు సంతకంతో ఆఫీసరు ప్రొబేషనా! ఫైలు పైకి పోయినప్పుడు జనం ఎట్లా నవ్వుతారో నాకు ఇప్పుడే వినపడతా ఉండాది. దానికి తోడు, సంతకం చేతిలో ఉంటే బేరం కూడా చేతిలో ఉంటాది, అది మనిషి గుణం. అయినా గది కట్టే మాట మాత్రం ఒప్పుకుంటా.

చిత్తూరు_అమ్మాయి

సంతకం పెట్టించుకునేదానికి నాకేం నామోషీ లేదు మామా. బేరం ఆఫీసర్లు చెయ్యరా ఏంది? తలకోన అన్నా, ఆ ఎదురు మంట ఎట్లా పెడతారో రోంత వివరంగా రాస్తారా? ఎంత దూరంలో అంటిస్తారు, గాలి మారితే ఏం చేస్తారు?

తలకోన_దారి

రాస్తా పాపా, ఆయన్నే అడిగి రాస్తా. కానీ ఇప్పుడు కాదు. ఎల్లుండి ఫాల్గుణ పున్నమి, తుంబురు తీర్థానికి జనం వస్తారు. పాపవినాశనం నుంచి అడవిలోకి వేలమంది నడక, ఎండిన గడ్డి, ఒక్కోరి జేబులో అగ్గిపెట్టె. రేపు పొద్దున్నే లోపలికి పోతా ఉండాం, ఆడ సిగ్నలు ఉండదు. మూడు రోజులు నా నుంచి జవాబు రాకపోతే చర్చలో ఓడిపోయినానని అనుకోబాకండి.