అప్‌డేట్: ప్రింటర్ డ్రైవర్ లోపంతో సిస్టమ్ హక్కులు ఎలా వస్తాయి?

ప్రింటర్ తీసేసిన పీసీలో కూడా దాని డ్రైవర్‌తో (ప్రింటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌తో) ప్రమాదమేంటని మొన్న అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మీరు చెప్పిన సీవీఈ-2021-3438 (భద్రతా లోపాలకిచ్చే గుర్తింపు నంబర్లలో ఒకటి) గురించి చదివాక విషయం తేలింది. హెచ్‌పీ, శాంసంగ్, జిరాక్స్ లేజర్ ప్రింటర్ల విండోస్ డ్రైవర్ 'ఎస్‌ఎస్‌పోర్ట్ డాట్ సిస్'లోని లోపం అది. మామూలు యూజర్ ప్రోగ్రామ్ ఐఓసీటీఎల్ (డ్రైవర్‌కు ఆదేశాలు పంపే మార్గం) ద్వారా పంపే స్ట్రింగ్‌ను, అంటే అక్షరాల వరుసను, డ్రైవర్ 'ఎస్‌టీఆర్‌ఎన్‌సీపీవై' అనే కాపీ ఫంక్షన్‌తో కాపీ చేస్తుంది. ఎన్ని బైట్లు కాపీ చేయాలో కూడా ఆ యూజర్ ప్రోగ్రామే చెబుతుంది! అసలు చిక్కంతా అక్కడే. పెద్ద సంఖ్య చెబితే డేటా దానికి కేటాయించిన జాగా (బఫర్) దాటి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం) మెమరీ మీద పడుతుంది, సిస్టమ్ హక్కులకు, అంటే పీసీపై పూర్తి అధికారానికి, దారి దొరుకుతుంది.

ప్రింటర్ కనెక్ట్ అయి ఉన్నా లేకున్నా బూట్ అయిన ప్రతిసారీ డ్రైవర్ లోడవుతుంది. 2005 నుంచి ఉన్న ఈ లోపం 2021లో గానీ బయటపడలేదంటే నిజంగా భయమేసింది. మా పాత పీసీల్లో డ్రైవర్స్ ఫోల్డర్ వెతికి, 'ఎస్‌ఎస్‌పోర్ట్ డాట్ సిస్' కనిపించిన చోటల్లా ప్యాచ్ వేశాం.